కాల్పులు ఆగాక మొదలయ్యే యుద్ధం

ఎవరు గెలిచారు, ఎన్ని విమానాలు కూలాయి, ఎందరు లొంగిపోయారు? దక్షిణాసియాలో పాత యుద్ధాల మీద వాదన ఏనాడూ చల్లారదు. ఆ వాదనలో ఆధారం కన్నా వెటకారానికే గిరాకీ ఎక్కువ. దాని మూల్యం మాత్రం చిన్నది కాదు

1965 సెప్టెంబరు 7 ఉదయం ఆదంపూర్ స్థావరం నుంచి భారత వైమానిక దళం మిస్టీర్ విమానాలు పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరంపై దాడికి బయలుదేరాయి. స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య నడిపిన విమానం తిరిగి రాలేదు. శత్రువు కూల్చాడో, ఇంధనం అయిపోయిందో, ఇంకేమైనా జరిగిందో చెప్పగలిగిన వారు భారత్‌లో ఎవరూ లేరు. గల్లంతైన వారి జాబితాలో ఇంకో పేరు చేరింది, అంతే.

పద్నాలుగేళ్లు గడిచాక 1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ ఆ యుద్ధంపై పుస్తకం వెలువరించారు. పాక్ వైమానిక దళం సహకారంతో, ఆ దేశ రికార్డుల ఆధారంగా రాసిన పుస్తకం అది. అందులో ఒక సంఘటన ఉంది. ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో దూసుకుపోయే తమ స్టార్‌ఫైటర్‌ను ఆ ఉదయం ఒక భారత మిస్టీర్ ఎదిరించి నిలిచిందనీ, పాక్ పైలట్ అమ్జద్ హుస్సేన్ పారాచూట్‌తో దూకి ప్రాణాలు దక్కించుకోవలసి వచ్చిందనీ దాని సారాంశం. తేదీలు, స్థలాలు, విమానాలు సరిపోల్చి చూస్తే ఆ మిస్టీర్ దేవయ్యదేనని తేలింది. యుద్ధం ముగిసిన 23 ఏళ్లకు, 1988లో, ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు. 2025లో వచ్చిన హిందీ చిత్రం ‘స్కై ఫోర్స్’కు మూలం ఈ ఉదంతమే.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. 1965 గురించి వాదించే భారతీయుల్లో చాలామంది దృష్టిలో ఫ్రికర్ పుస్తకం పాకిస్తాన్ ప్రచార సామగ్రి. పేరెత్తితేనే నవ్విపారేస్తారు. కానీ భారత్‌కు తన వీరుడిని తెచ్చిచ్చింది ఆ పుస్తకమే. శత్రువు రాసుకున్నదాన్ని చదవకుండానే కొట్టిపారేసి ఉంటే దేవయ్య నేటికీ గల్లంతైనవారి జాబితాలోనే ఉండేవారు.

యుద్ధ చరిత్ర మీద వాదనలు దక్షిణాసియాకు కొత్త కాదు. మాజీ సైనికాధికారుల ఆత్మకథల్లో, పత్రికల ఉత్తరాల శీర్షికల్లో, టీవీ చర్చల్లో దశాబ్దాలుగా నడుస్తున్నవే. ఇంటర్నెట్ వచ్చాక అవి కోట్ల మంది చేతుల్లోకి వెళ్లాయి. రాసినవాడి ముఖం కనబడదు, సరిహద్దు అవతలివాడు ఒక్క క్షణంలో దొరుకుతాడు. ఓపికగా సరిచూసిన అంకె కన్నా ఒక ఎకసెక్కెం వందరెట్లు వేగంగా పాకుతుంది. దాంతో వాదన పద్ధతే మారిపోయింది. ఏం జరిగిందన్నది వెనక్కి పోయి, ఎవరిని ఎంత గట్టిగా గేలి చేశామన్నదే గెలుపుకు కొలమానమైంది.

ఒకే యుద్ధం, రెండు క్యాలెండర్లు

1965 యుద్ధాన్నే తీసుకుంటే, అది ఎప్పుడు మొదలైందన్న దగ్గరే పేచీ. భారత్ కథ ఆగస్టులో, కాశ్మీర్‌లోకి చొరబాటుదార్లను పంపిన ‘ఆపరేషన్ జిబ్రాల్టర్’తో మొదలవుతుంది. పాకిస్తాన్ కథ సెప్టెంబరు 6న, భారత సేనలు అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు కదిలిన రోజున మొదలవుతుంది. ఆ తేదీని పాకిస్తాన్ ఏటా రక్షణ దినంగా జరుపుకుంటుంది. భారత్ 2015లో స్వర్ణోత్సవాలను హాజీపీర్ కనుమ చేజిక్కిన ఆగస్టు 28న మొదలుపెట్టింది. మొదటి పేజీని ఎక్కడ తెరుస్తారన్నదాన్ని బట్టే దోషి ఎవరో తేలిపోతుంది.

తర్వాతి పేజీలదీ అదే తీరు. భారతీయుడు అసల్ ఉత్తర్ గురించి మాట్లాడతాడు. పంజాబ్‌లోని ఆ పొలాల్లో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల దండు చిక్కుకుపోయింది. పట్టుబడ్డ ట్యాంకులను ఒకచోట చేర్చి ఆ ప్రదేశానికి ‘ప్యాటన్ నగర్’ అని పేరు పెట్టారు. పాకిస్తానీ చావిండా గురించి మాట్లాడతాడు. సియాల్‌కోట్ రంగంలో భారత ట్యాంకులు ముందుకు కదలలేక ఆగిపోయింది అక్కడే. రెండూ జరిగినవే. ఒకటి చెప్పేవాడు రెండోదాన్ని ఎత్తడు.

ఆకాశంలో లెక్కలు మరీ విచిత్రం. సర్గోధా మీద సెప్టెంబరు 7నే ఎం.ఎం. ఆలం ఒక్క నిమిషంలోపే ఐదు భారత హంటర్లను కూల్చారన్నది పాకిస్తాన్ పాఠ్యపుస్తకాలకెక్కిన గాథ. ఆ సంఖ్యను భారత పరిశోధకులు ఒప్పుకోరు. సెప్టెంబరు 3న పస్రూర్‌లో దిగిన భారత నాట్ విమానం ఇప్పటికీ కరాచీ వైమానిక దళ మ్యూజియంలో ఉంది. తమ స్టార్‌ఫైటర్‌ను చూసి లొంగిపోయిందని పాకిస్తాన్ అంటుంది. పైలట్ దారి తప్పాడని భారత్ అంటుంది. అటు నాట్, ఇటు ప్యాటన్. రెండు దేశాలూ ఎదుటివాడి ఇనుమును నడివీధిలో నిలబెట్టి దెప్పిపొడిచే పని ఇంటర్నెట్ రాకముందే మొదలుపెట్టాయి.

అంకె తిట్టుగా మారితే

వెక్కిరింతకు ఎప్పుడూ ఒక గురుతు కావాలి. చైనా చేతిలో అది ‘1962’. 2017లో డోక్లాం ప్రతిష్టంభన సమయంలో చరిత్ర పాఠాలు మరిచిపోవద్దంటూ బీజింగ్ భారత్‌ను దెప్పింది. 2017 నాటి భారత్ 1962 నాటి భారత్ కాదని నాటి రక్షణ మంత్రి అరుణ్ జైట్లీ బదులిచ్చారు. చైనా కూడా 1962 నాటి చైనా కాదని అటు నుంచి ప్రత్యుత్తరం వచ్చింది. రెండు అణ్వస్త్ర దేశాల మధ్య సంభాషణ కాలేజీ కుర్రాళ్ల కవ్వింపు స్థాయికి దిగడానికి ఒక్క సంవత్సరం పేరు చాలింది.

పాకిస్తాన్ విషయంలో ఆ గురుతు ‘93,000’. 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు తర్వాత భారత్ అదుపులోకి వచ్చిన వారి సంఖ్య అది. అందులో సైనికులతో పాటు పారామిలటరీ, పోలీసు సిబ్బంది, పౌర అధికారులు, కుటుంబ సభ్యులూ ఉన్నారు. వాదనలో మాత్రం ఆ వివరాలకు చోటుండదు. అది ఒట్టి అంకెగా, తిట్టుకు పర్యాయపదంగా వాడుకలో పడింది. దీనిపై పేటెంటు భారతీయులకే లేదు. 2023 జనవరిలో పాకిస్తాన్‌తో మాటల యుద్ధం ముదిరినప్పుడు తాలిబన్ నాయకుడు అహ్మద్ యాసిర్ ఢాకా లొంగుబాటు ఫొటోనే ట్విట్టర్‌లో పెట్టి హెచ్చరించారు.

ఈ ఎగతాళిలో మాయమైపోయేది ఆ యుద్ధం ఎవరిదో వారే. 2024 డిసెంబరు 16న విజయ దివస్ సందర్భంగా ప్రధాని నరేంద్ర మోదీ 1971ని భారత చారిత్రక విజయంగా పేర్కొంటే, బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వ సలహాదారు ఆసిఫ్ నజ్రుల్ బాహాటంగా అభ్యంతరం చెప్పారు. అది బంగ్లాదేశ్ విజయమనీ, భారత్ మిత్రపక్షం మాత్రమేననీ ఆయన వాదన. భారత్, పాకిస్తాన్ ఒకదాన్నొకటి దెప్పుకునే హడావుడిలో మూడో దేశపు మృతులు అంకెగా కూడా మిగలడం లేదు.

2019 ఫిబ్రవరి 27 నాటి గురుతు టీ కప్పు. పాక్ సేనలకు చిక్కిన వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ టీ తాగుతూ కనిపించిన వీడియో సరిహద్దు అవతల ఓ తరం మొత్తానికి హాస్యవస్తువైంది. ఆ ఏడాది చివర్లో కరాచీ మ్యూజియంలో ఆయన బొమ్మనే ప్రదర్శనకు పెట్టారు. ఆయన ఎఫ్-16ను కూల్చారంటూ భారత్ 2021లో వీర్ చక్రతో సత్కరించింది. అలాంటిదేమీ జరగలేదని పాకిస్తాన్ ఇప్పటికీ అంటోంది. ఈ గోల మధ్య ఆ రోజే బడ్గాంలో కూలిన హెలికాప్టర్ దాదాపు మరుగునపడింది. అందులోని ఆరుగురు వైమానిక దళ సిబ్బందితో పాటు నేల మీద ఒక పౌరుడూ చనిపోయారు. దాన్ని కూల్చింది మన క్షిపణేనని, అది పెద్ద తప్పిదమని వైమానిక దళాధిపతి ఆర్.కె.ఎస్. భదౌరియా 2019 అక్టోబరులో ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆ మాట అడిగినవారికి దక్కింది ఎద్దేవాయే.

2025 మేలో ‘ఆపరేషన్ సిందూర్’ వేళ ఇదంతా మళ్లీ జరిగింది, ఈసారి గంటల వ్యవధిలోనే. వీడియో గేముల దృశ్యాలను అసలు యుద్ధంగా రెండు వైపులా చలామణి చేశారు. భారత్ విమానాలు కోల్పోయిన మాట నిజమేనని మే 31న సింగపూర్‌లో త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ అంగీకరించారు. ఆరు కూలాయన్న పాక్ వాదన పూర్తిగా తప్పన్నారు, సంఖ్య మాత్రం చెప్పలేదు. పాకిస్తాన్‌వి ఐదు యుద్ధ విమానాలు, మరో పెద్ద విమానం కూల్చామని వైమానిక దళాధిపతి ఎ.పి. సింగ్ ఆగస్టులో ప్రకటిస్తే పాకిస్తాన్ తోసిపుచ్చింది. 1965 లెక్కలే ఇప్పటికీ తేలని చోట 2025 లెక్కలు ఎప్పుడు తేలుతాయో ఊహించడం కష్టమేమీ కాదు.

ఇంటివాడికే ఎక్కువ దెబ్బలు

విచిత్రమేమిటంటే, ఈ వెటకారానికి ఎక్కువగా బలవుతున్నది శత్రువు కాదు, సొంత మనిషే. 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ విద్యార్థిని గుర్‌మెహర్ కౌర్‌కు జరిగింది అందుకు సాక్ష్యం. ఆమె తండ్రి కెప్టెన్ మన్‌దీప్ సింగ్ 1999లో కాశ్మీర్‌లో సైనిక శిబిరంపై జరిగిన దాడిలో చనిపోయారు. తన తండ్రిని చంపింది పాకిస్తాన్ కాదు, యుద్ధం అని రాసిన అట్టముక్క పట్టుకున్నందుకు ఆమెపై వెక్కిరింతల వాన కురిసింది. రెండు ట్రిపుల్ సెంచరీలు చేసింది తాను కాదు, తన బ్యాటని క్రికెటర్ వీరేందర్ సెహ్వాగ్ అదే తరహా అట్టముక్కతో పరిహాసమాడారు. ఆమె వాదనతో విభేదించడానికి ఎన్నో దారులున్నాయి. ఒక అమరుడి కూతురిని నవ్వులపాలు చేయడమే అన్నిటికన్నా తేలికైన దారి అయింది.

2025 మే 10న కాల్పుల విరమణ ప్రకటించిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీకీ ఆ అనుభవమే ఎదురైంది. ప్రభుత్వ నిర్ణయాన్ని చదివి వినిపించిన అధికారిని ద్రోహి అన్నారు. ఆయన కూతురినీ వదల్లేదు. ఆయన తన ఖాతాను ఇతరులకు కనబడకుండా మూసుకోవలసి వచ్చింది.

సరిహద్దు అవతలా అంతే. 1965 యుద్ధంలో పాకిస్తాన్ ఘోరంగా ఓడిపోయిందని చరిత్రకారుడు ఎస్. అక్బర్ జైదీ 2015 సెప్టెంబరులో కరాచీ విశ్వవిద్యాలయంలో చెప్పారు. రక్షణ దినం స్వర్ణోత్సవాల వేళ ఆ మాట ఎంత దుమారం రేపిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆనాటి పాక్ వైమానిక దళాధిపతి నూర్ ఖాన్ కూడా తర్వాతి కాలంలో ఆ యుద్ధం అనవసరమైనదని విమర్శించారు. యుద్ధం నడిపిన వారికే దక్కని మన్నన ఒక ప్రొఫెసర్‌కు ఎలా దక్కుతుంది?

ఎగతాళికి విరుగుడు చట్టమా?

మృతులను అవమానించకుండా చట్టంతో కట్టడి చేస్తే సరిపోదా అనే వారున్నారు. చైనా ఆ పని చేసి చూపింది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. భారత్ వారి పేర్లు ప్రకటించింది, ఊళ్లలో అంత్యక్రియలు జరిగాయి. చైనా ఎనిమిది నెలలు మౌనంగా ఉండి, 2021 ఫిబ్రవరిలో తమవారు నలుగురు మరణించారని చెప్పింది. ఆ లెక్కను శంకించిన ఒక ప్రముఖ చైనా వ్యాఖ్యాతకు ఎనిమిది నెలల జైలు శిక్ష పడింది. కొరియా యుద్ధంలో మంచులో గడ్డకట్టి చనిపోయిన సైనికులను మాటల గారడీతో ఎద్దేవా చేశారని పాత్రికేయుడు లువో చాంగ్‌పింగ్‌కు 2022లో ఏడు నెలల శిక్ష వేశారు.

బంగ్లాదేశ్‌లో 1971 మృతుల అధికారిక సంఖ్యను ప్రశ్నించినందుకు పాత్రికేయుడు డేవిడ్ బెర్గ్‌మన్‌ను 2014లో కోర్టు ధిక్కార నేరం కింద దోషిగా తేల్చారు. ఎగతాళిని ఆపడానికి వచ్చిన చట్టం మొదట పట్టుకునేది ఎగతాళి చేసేవాడిని కాదు, లెక్క అడిగేవాడిని. గల్వాన్‌లో చైనా ఎందరిని కోల్పోయిందన్న వాదన జైలు శిక్షల తర్వాత కూడా సద్దుమణగలేదు.

నిజానికి వెటకారానికి ఎరువు వేస్తున్నది గోప్యతే. 1962 పరాజయంపై హెండర్సన్ బ్రూక్స్, భగత్ ఇచ్చిన నివేదికను భారత్ నేటికీ అధికారికంగా బయటపెట్టలేదు. 2014లో పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ కొంత భాగాన్ని బహిర్గతం చేస్తేనే ప్రజలకు తెలిసింది. 1971 ఓటమిపై హమూదుర్ రహమాన్ కమిషన్ ఇచ్చిన నివేదికను పాకిస్తాన్ పాతికేళ్లకు పైగా తొక్కిపెట్టింది. 2000లో అది భారత పత్రికలో అచ్చయ్యాకే అక్కడి ప్రభుత్వంలో కదలిక వచ్చింది. కార్గిల్‌లో పోరాడింది తమ సైనికులు కాదన్న పాకిస్తాన్, 2010లో 453 మంది మృతుల పేర్లను సైన్యం వెబ్‌సైట్‌లో చేర్చింది. యుద్ధ రికార్డులను సాధారణంగా 25 ఏళ్లకు బహిరంగపరచాలని భారత రక్షణ శాఖ 2021లో విధానం ప్రకటించింది. అది పూర్తిగా అమలైతే చాలా నోళ్లు మూతపడతాయి, రెండు వైపులా.

పోరాడినవారి మర్యాద

తుపాకీ పట్టినవారి మాట తీరు చూస్తే, కీబోర్డు పట్టినవారిది మరీ చిన్నబోతుంది. 1999 జూలైలో టైగర్ హిల్ వద్ద పాక్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ చివరిదాకా పోరాడి మరణించారు. భారత బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బజ్వా ఆ మృతదేహం జేబులో ఒక చీటీ పెట్టి పంపారు. ఈ అధికారి ధైర్యంగా పోరాడాడు, తగిన గుర్తింపు దక్కాలి అన్నది అందులోని మాట. పాకిస్తాన్ ఆయనకు తన అత్యున్నత పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. పాకిస్తాన్ తీసుకోని అనేక మృతదేహాలను భారత సైన్యమే ఇస్లాం సంప్రదాయం ప్రకారం ఖననం చేసింది.

1965 సెప్టెంబరు 19న కచ్ ప్రాంతంలో ఒక పౌర విమానాన్ని పాక్ యుద్ధ విమానం కూల్చింది. గుజరాత్ ముఖ్యమంత్రి బల్వంత్‌రాయ్ మెహతాతో సహా అందులోని ఎనిమిది మందీ చనిపోయారు. కూల్చిన పైలట్ కైస్ హుస్సేన్ 46 ఏళ్ల తర్వాత, 2011లో, ఆ విమానాన్ని నడిపిన జహంగీర్ ఇంజనీర్ కుమార్తె ఫరీదా సింగ్‌కు ఉత్తరం రాశారు. ఆదేశం పాటించానని వివరిస్తూనే ఆమెకు కలిగిన నష్టానికి సంతాపం తెలిపారు. ఆమె నింద వేయలేదు, కక్ష పెంచుకోలేదని బదులు రాశారు. ఈ ఉత్తరానికి ప్రేరణ పాక్ మాజీ వైమానిక అధికారి, చరిత్రకారుడు కైసర్ తుఫైల్ ఆ ఘటనపై రాసిన వ్యాసం. మనవాళ్లు చేసిన పనిని మనవాళ్లే నిజాయితీగా రాస్తే ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ అది.

ఇటువైపూ అలాంటి కృషి లేకపోలేదు. పి.వి.ఎస్. జగన్‌మోహన్, సమీర్ చోప్రా 2005లో 1965 గగనతల యుద్ధంపై రాసిన పుస్తకంలో భారత్ సాధించినవే కాదు, కోల్పోయినవీ విడమరిచి చెప్పారు. సొంత నష్టాన్ని దాచని లెక్కకే ఎదుటివాడు కాస్త విలువిస్తాడు. ఈ వాదనల్లో పనికొచ్చే మర్యాద సూత్రం ఏదైనా ఉంటే అది ఇదే. ఎదుటివాడిని అడిగిన రుజువునే ముందు మన ఇంట్లో అడగాలి. మృతులను అంకెగా కాక మనుషులుగా చూడాలి. తెలియనిచోట తెలియదని ఒప్పుకోవాలి. అంతకు మించి మెత్తగా మాట్లాడవలసిన పని లేదు. కటువైన ప్రశ్న వేరు, గేలి వేరు. ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. గేలికి మరో గేలే దొరుకుతుంది.

విశాఖ తీరంలో మునిగిన వివాదం

తెలుగువారికి ఈ తగువు దూరదేశపు ముచ్చటేమీ కాదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాక్ జలాంతర్గామి పీఎన్‌ఎస్ ఘాజీ విశాఖపట్నం తీరానికి చేరువలో మునిగిపోయింది. అది వేటాడ వచ్చిన విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించింది తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పన్నిన ఎత్తు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే ఘాజీని ముంచాయని భారత నౌకాదళం చెబుతుంది. సొంత మందుపాతరలో, లోపలి పేలుడో కారణమని పాకిస్తాన్ అంటుంది. ఢాకా లొంగుబాటులో కీలక పాత్ర పోషించిన లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్ వంటి భారత సేనానే మన నౌకాదళం వాదనను కాదన్నారు. 2017లో వచ్చిన తెలుగు చిత్రం ‘ఘాజీ’ మూడో కథ చెప్పింది. చాలామంది వాదనల్లో ఇప్పుడు ఆ సినిమాయే రుజువు.

2024 ఆరంభంలో భారత నౌకాదళం తన లోతు సముద్ర రక్షణ వాహనంతో ఘాజీ శకలాలను విశాఖ తీరానికి దగ్గర్లోనే గుర్తించింది. అందులో తొంభై మందికి పైగా పాక్ నావికుల సమాధి ఉంది. వాదనను ఒక్కసారిగా తేల్చేయగల సాక్ష్యం కూడా బహుశా అక్కడే ఉంది. నౌకాదళం మాత్రం దాన్ని తాకలేదు. చనిపోయిన నావికుల పట్ల గౌరవంతో, తమ సంప్రదాయం ప్రకారం వదిలేశామని చెప్పింది. కాగా, ఘాజీని ముంచిందెవరన్న తిట్ల దండకం ఒడ్డున యథావిధిగా సాగుతూనే ఉంది.